"ఇన్నేళ్ల తర్వాత కూడా ఇంతేనా?": నా మీద నాకే నమ్మకం పోయినప్పుడు

తెల్లకాగితం | రాత్రి 11:52

అందరికీ వందనాలు. చాలాకాలంగా ఇక్కడి చర్చలు చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి. కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

నేను యేసును నమ్మి రక్షణ పొంది పదిహేడేళ్లు. సండే స్కూల్లో పిల్లలకు పాఠాలు చెప్తాను. జనవరిలో ఒక నోట్‌బుక్ మొదలుపెట్టాను. పేజీకి అయిదు గడులు: తెల్లవారుజామున ప్రార్థన, వాక్యం, కోపం లేకుండా ఉండటం, ఎవరి గురించీ చెడుగా మాట్లాడకపోవడం, రాత్రి కుటుంబ ప్రార్థన. చేసినదానికి నీలం టిక్కు, తప్పినదానికి ఎర్ర ఇంటూ. ఏడాదిలో బైబిలు మొత్తం చదవాలని లెక్క కూడా వేసుకున్నాను. 1189 అధ్యాయాలు, రోజుకు మూడు, ఆదివారం అయిదు. లేవీయకాండం మధ్యలో ఆగిపోయాను.

అసలు బాధ అది కాదు. మొన్న సాయంత్రం మా పాప లెక్కలు చేస్తోంది. పదేళ్లు తనకి. తీసివేతలో పక్క అంకె దగ్గర అప్పు తెచ్చుకోవడం మర్చిపోతోంది, అదే తప్పు మూడోసారి. నేను పుస్తకం లాక్కుని బల్ల మీద విసిరికొట్టి అరిచాను. ఏమన్నానో ఇక్కడ రాయలేను. తను ఏడవలేదు. రబ్బరు తీసుకుని పేజీ అంతా చెరపడం మొదలుపెట్టింది. సరిగ్గా చేసిన లెక్కలు కూడా. కాగితం చిరిగేదాకా చెరుపుతూనే ఉంది.

దేవుడు క్షమిస్తాడని తెలుసు. 1 యోహాను 1:9 నేనే పిల్లల చేత కంఠతా పట్టిస్తాను. కానీ మోకాళ్ల మీద కూర్చుంటే నోట మాట రావడం లేదు. "నువ్వా? పదిహేడేళ్ల తర్వాత కూడా ఇంతేనా?" అని లోపల ఒక గొంతు. అది దేవుడిదో నాదో తెలియడం లేదు. ఒక రెండు వారాలు ఏ తప్పూ లేకుండా ఉండి, ఆ తర్వాత ఆయన దగ్గరికి వెళ్దాం అనిపిస్తోంది. ఇలా ఎవరికైనా జరిగిందా?

గుమ్మందగ్గర | రాత్రి 12:10

అక్కా, ఆ రెండు వారాల మాట నేను కూడా అనుకున్నాను. నాకు ఆ రెండు వారాలు నాలుగేళ్లు అయ్యాయి. దయచేసి ఆగొద్దు. మిగతాది రేపు రాస్తాను, డ్యూటీలో ఉన్నాను.

ఒలీవచెట్టు | ఉదయం 5:35

అమ్మా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. "నువ్వా?" అన్న మాట దగ్గర ఆగిపోయాను. అందులో ఆశ్చర్యం ఉంది చూడండి. అనుకోనిది జరిగితేనే మనిషి ఆశ్చర్యపోతాడు. అంటే మీ నుంచి మీరు ఇంకేదో అనుకున్నారు. మీ మీద మీరు ఒక నమ్మకం పెట్టుకున్నారు, మొన్న సాయంత్రం అది విరిగింది. ఇంత నొప్పి అందుకే. విరిగింది దేవుడి మీద నమ్మకం కాదు.

నాకు ఈ సంగతి యేసు శిష్యుడు పేతురు దగ్గర అర్థమైంది, అదీ చాలా ఆలస్యంగా. "నీతోకూడ చెరలోనికిని మరణమునకును వెళ్లుటకు సిద్ధముగా ఉన్నాను" అన్నాడు కదా (లూకా 22). అబద్ధం ఆడలేదు. మనస్ఫూర్తిగానే అన్నాడు, ఆ రాత్రే తోటలో కత్తి కూడా దూశాడు. తన గురించి తనకున్న అంచనా అది. తెల్లారేసరికి ఒక పనిపిల్ల అడిగిన ప్రశ్నకే అది కూలిపోయింది.

యేసు మాత్రం ఆశ్చర్యపోలేదు. కోడి కూయకముందే నన్ను ఎరగనని మూడుసార్లు అంటావని ముందే చెప్పాడు. దానికంటే ముందు ఏం చెప్పాడో చూడండి: "నీ నమ్మిక తప్పిపోకుండునట్లు నేను నీకొరకు వేడుకొంటిని". పడిపోకముందే అతని కోసం ప్రార్థన అయిపోయింది. లేచాక చేయాల్సిన పని కూడా అప్పుడే అప్పగించాడు. "నీ మనసు తిరిగితే" అనలేదమ్మా, "తిరిగిన తరువాత" అన్నాడు. పేతురు తన మీద పెట్టుకున్న అంచనా తప్పింది. పేతురు గురించి యేసుకు ఉన్న అంచనా ఒక్క అక్షరం కూడా తప్పలేదు, అయినా అతన్ని వదల్లేదు.

ఇంకొకటి. ప్రధాన యాజకుడి ఇంటి ముంగిట పేతురు చలి కాచుకుంది బొగ్గుల మంట దగ్గర (యోహాను 18:18). పునరుత్థానం తర్వాత సముద్రం ఒడ్డున యేసు సిద్ధం చేసిందీ బొగ్గుల నిప్పే (21:9). గ్రీకులో రెండుచోట్లా ఒకే మాట, అంత్రాకియా. కొత్త నిబంధన మొత్తంలో ఆ మాట ఈ రెండుచోట్లే ఉంది. అదే వాసన, అదే సెగ. బొంకిన చోటులాంటి చోటికే మళ్లీ పిలిచి కూర్చోబెట్టాడు. మూడుసార్లు అడిగాడు. "ఇకమీదట బొంకనని మాట ఇస్తావా" అని ఒక్కసారి కూడా అడగలేదు. నన్ను ప్రేమిస్తున్నావా అని మాత్రమే. పేతురు కూడా ఈసారి తన మాట మీద ఆనుకోలేదు, "నీవే యెరుగుదువు" అన్నాడు.

మీలో వినిపించే ఆ గొంతు ఎవరిదో నేను తేల్చి చెప్పలేను. కానీ మీకు కొత్త విషయం చెప్తున్నట్టు మాట్లాడుతోంది కదా. దేవుడికి మీ గురించి కొత్తగా తెలియాల్సింది ఏమీ లేదు. "మనము నిర్మింపబడిన రీతి ఆయనకు తెలిసేయున్నది" (కీర్తన 103:14).

సూటిమాట | ఉదయం 8:20

ఒలీవచెట్టు గారూ, మీరు రాసింది బాగుంది. కానీ నాకు ఒక భయం ఉంది, దాచుకోకుండా చెప్తాను.

మా దగ్గరి బంధువు ఒకాయన ముప్పై ఏళ్లు తాగాడు. ప్రతిసారీ ఏడ్చేవాడు, ప్రతిసారీ "ఆయన కృప చాలు" అనేవాడు. మర్నాడు మళ్లీ అదే. ఆయన భార్య మెడలో ఉన్నది అమ్ముకుని పిల్లల్ని చదివించింది. ఆయన చనిపోయిన రోజు అందరూ కృప గురించి మాట్లాడారు, ఆమె గురించి ఎవరూ మాట్లాడలేదు. అప్పటి నుంచి ఆ మాట ఎవరైనా తేలిగ్గా అంటే నాకు ఒళ్లు మండుతుంది.

జర్మన్ పాస్టర్ బోన్‌హోఫర్ 1937లో దీన్ని "చౌక కృప" అన్నాడు. పశ్చాత్తాపం అడగకుండానే క్షమాపణ పంచిపెట్టడం. హిట్లర్ ప్రభుత్వం ఆయన్ని 1945 ఏప్రిల్‌లో ఉరి తీసింది, కాబట్టి ఖరీదు తెలిసిన మనిషి చెప్పిన మాట అది. బైబిల్లో పౌలు కూడా ఊరుకోలేదు: "కృప విస్తరింపవలెనని పాపమందు నిలిచియుందుమా? అట్లనరాదు."

నా ప్రశ్న ఇది. ఇక్కడ మనమంతా తల్లిని ఓదారుస్తున్నాం. మరి ఆ పాప? అమ్మకు దేవుడి దగ్గర మనశ్శాంతి దొరికింది సరే, చిరిగిన కాగితం ముందు కూర్చున్న పిల్లకు ఏం దొరికింది?

తెల్లకాగితం | ఉదయం 9:05

సూటిమాట గారు అడిగింది న్యాయం. నేను తనకి ఇంకా సారీ చెప్పలేదు. రెండు రోజులు అయింది. దేవుడి ముందు నేను ఎంత చెడ్డదాన్నో ఆలోచించుకోవడంలోనే ఈ రెండు రోజులు గడిచిపోయాయి. ఇది రాస్తుంటేనే తెలుస్తోంది.

రెండోమైలు | ఉదయం 10:40

మీరు ఇప్పుడు రాసిన వాక్యమే సూటిమాట గారి ప్రశ్నకు సగం జవాబు అనుకుంటున్నాను సిస్టర్. నేనెంత చెడ్డవాడినో అని కుమిలిపోవడం చూడటానికి పశ్చాత్తాపంలా ఉంటుంది. కానీ ఆ రెండు రోజులూ మన కళ్లు మన మీదే ఉంటాయి. ఎదుటివాడి గాయం కనపడదు. చౌక కృప ఎంత ప్రమాదమో ఇదీ అంతే ప్రమాదం. సూటిమాట గారి బంధువుకు పరలోకంలో క్షమాపణ కావాలి, ఇంట్లో అప్పు తీర్చడం వద్దు. మనకు ముందు మన పరువు మనకు తిరిగి రావాలి, ఆ తర్వాతే పిల్ల దగ్గరికి వెళ్తాం. రెండింట్లోనూ పిల్ల కాచుకునే ఉంటుంది.

చరిత్ర నాకు ఇష్టం కాబట్టి మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ సంగతి చెప్తాను. ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నప్పుడు ఆయన, మిత్రులు పెట్టుకున్న క్రమశిక్షణ మన నోట్‌బుక్కుల కంటే చాలా కఠినం. గంట గంటకూ డైరీ, వారానికి రెండు రోజులు ఉపవాసం, జైలుకు వెళ్లి ఖైదీలను చూడటం. 1735లో మిషనరీగా అమెరికాలోని జార్జియాకు ఓడ ఎక్కాడు. దారిలో తుఫాను వస్తే ఈయన చావుకు వణికిపోయాడు. అదే ఓడలో ఉన్న మొరేవియన్లు అనే జర్మన్ క్రైస్తవులు పిల్లాపాపలతో ప్రశాంతంగా కీర్తన పాడుతూ కూర్చున్నారు. అది ఆయన మర్చిపోలేకపోయాడు. జార్జియాలో పని చెడింది, నిరాశతో వెనక్కి వచ్చాడు. 1738 మే 24 సాయంత్రం లండన్‌లో ఆల్డర్స్‌గేట్ వీధిలో ఒక చిన్న కూటానికి మనసు లేకుండానే వెళ్లాడు. అక్కడ ఎవరో బైబిల్లోని రోమా పత్రికకు లూథర్ రాసిన ముందుమాట చదువుతున్నారు. తొమ్మిదికి పావుగంట ముందు అని టైము కూడా రాసుకున్నాడు. తన హృదయం వింతగా వెచ్చబడిందని, క్రీస్తు తన పాపాలనే తీసేశాడన్న నిశ్చయత కలిగిందని రాశాడు.

ఆ తర్వాత కష్టపడటం మానేశాడా? 1791లో చనిపోయేదాకా, అంటే ఇంకో 53 ఏళ్లు గుర్రం మీద, బండి మీద తిరుగుతూ ప్రసంగించాడు. సందేహాలు కూడా పోలేదు, కొన్ని నెలలకే మళ్లీ వచ్చాయి, అవీ దాచకుండా రాసుకున్నాడు. మారింది ఒకటే. ఇదివరకు అంగీకారం కోసం పరిగెత్తాడు, ఇప్పుడు అంగీకారం దొరికినవాడిగా పరిగెత్తాడు. పౌలు మాట కూడా అదే కదా: "నేనేమైయున్నానో అది దేవుని కృపవలననే అయియున్నాను" అంటాడు, ఆ వెంటనే అందరికంటే ఎక్కువగా ప్రయాసపడ్డాను అంటాడు. ఆయనకు ఆ రెండు మాటలకూ గొడవ కనపడలేదు.

ఆవగింజ | మధ్యాహ్నం 1:15

నేను చిన్నవాణ్ణి, చదువుకుంటున్నాను. ఒక డౌట్. ఇవన్నీ తలకెక్కుతాయి అన్నా, గుండెకు ఎక్కవు. కృప అని తెలుసు, కానీ ప్రార్థన చేస్తుంటే ఏమీ అనిపించదు. నాకు విశ్వాసం లేదేమోనని టెన్షన్. అప్పుడు విశ్వాసం ఎంత ఉందో కొలుచుకోవడం మొదలుపెడతాను. అది ఇంకా తక్కువగా కనిపిస్తుంది.

ఒలీవచెట్టు | మధ్యాహ్నం 2:00

బాబూ, నువ్వు విశ్వాసాన్ని కూడా ఒక గడిగా గీసి టిక్కు పెట్టుకోవాలని చూస్తున్నావు. వంతెన దాటేవాడు తన కాళ్ల ధైర్యం ఎంతో చూసుకుంటూ నిలబడితే వణుకే ఎక్కువవుతుంది. మోసేది వంతెన. ధైర్యంగా నడిచినవాణ్ణీ మోస్తుంది, కళ్లు మూసుకుని పాకినవాణ్ణీ మోస్తుంది. "ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే" అన్నది విశ్వాసం తక్కువున్న రోజుకు కూడా వర్తిస్తుంది. ఏమీ అనిపించని రోజు ఏమీ అనిపించడం లేదనే ఆయనతో చెప్పు. అదీ ప్రార్థనే.

1 యోహాను 3:20 కూడా చదువు. మన హృదయం మన మీద నేరం మోపినప్పుడు "దేవుడు మన హృదయముకంటె అధికుడై" ఉన్నాడని యోహాను రాశాడు. మన గుండె ఒక సాక్షి మాత్రమే. తీర్పు దాని చేతిలో లేదు.

నిదానం | మధ్యాహ్నం 3:30

నేను కౌన్సెలింగ్ పనిలో ఉన్నాను. ఒక్క విషయం చెప్పి ఊరుకుంటాను, ఎందుకంటే ఇలాంటి చర్చలు చదివేవాళ్లలో కొందరికి ఇది అవసరం.

ఒకే పాపాన్ని రోజుకు పదిసార్లు ఒప్పుకోవడం, సరిగ్గా ఒప్పుకున్నానో లేదోనని మళ్లీ మొదలుపెట్టడం, నిద్ర పట్టకపోవడం, ప్రార్థనలో ఒక మాట తప్పు పలికానేమోనని మొదటి నుంచి చేయడం. ఇవి వారాల తరబడి ఉంటే అది ఆత్మీయ సమస్య మాత్రమే కాకపోవచ్చు. ఓసీడీ అనే జబ్బు భక్తి రూపంలో కూడా వస్తుంది. ఇది కొత్తదీ కాదు. 1522లో స్పెయిన్‌లోని మన్రేసాలో ఉన్నప్పుడు, తర్వాత జెస్యూట్ సంఘాన్ని స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా చేసిన పాపాలనే మళ్లీ మళ్లీ ఒప్పుకుంటూ చనిపోవాలనుకునేంత వరకూ వెళ్లాడు. ఇలాంటి మనస్సాక్షి బాధకు వాళ్లు వాడిన లాటిన్ మాటకు అర్థం పదునైన చిన్న రాయి. చెప్పులో పడిన రాయిలాంటిది. దానికి మందులున్నాయి, చికిత్స ఉంది. డాక్టర్ దగ్గరికి వెళ్తే కృప మీద నమ్మకం లేనట్టు కాదు.

తెల్లకాగితం గారూ, మీరు రాసినదాన్ని బట్టి మీది ఇదే అని నేను అనను. మీ పాప గురించే నా మనసు. సరిగ్గా చేసిన లెక్కలు కూడా చెరిపేసింది అన్నారు. పిల్లలు అలాంటివి ఎక్కడో చూసి నేర్చుకుంటారు. ఎర్ర ఇంటూల నోట్‌బుక్ తను ఎప్పుడైనా చూసిందా?

తెల్లకాగితం | మధ్యాహ్నం 3:48

చూసింది. వంటింటి గోడకే వేలాడుతోంది.

గుమ్మందగ్గర | సాయంత్రం 6:25

నిన్న సగంలో ఆపినది రాస్తున్నాను.

నేను చేసిన తప్పు ఇంట్లో డబ్బు విషయం. వివరాలు వద్దు. మళ్లీ సంఘానికి వెళ్లే ముందు మొత్తం తీర్చేయాలనుకున్నాను, తలెత్తుకుని వెళ్లాలనుకున్నాను. బస్సులో కూర్చుని పాస్టర్ గారితో ఏం చెప్పాలో, అమ్మతో ఏం చెప్పాలో, దేవుడితో ఏం చెప్పాలో మాటలు కూర్చుకునేవాణ్ణి. నాలుగేళ్లు అవే మాటలు మార్చి మార్చి.

ఒకరోజు లూకా 15 చదువుతుంటే ఒకటి కంటపడింది. తప్పిపోయిన కుమారుడు కూడా నాలాగే మాటలు కూర్చుకుంటాడు, 18, 19 వచనాల్లో. పాపం చేశాను, కుమారుడనని అనిపించుకోవడానికి యోగ్యుణ్ణి కాను, "నన్ను నీ కూలివారిలో ఒకనిగా పెట్టుకొనుము". ఆ చివరి మాటే నా ప్లాన్ కూడా. పని చేసి తీర్చుకుంటాను, అంతవరకు కొడుకుగా చూడొద్దు. ఇప్పుడు 21వ వచనం చూడండి. పాపం చేశాను అన్నాడు, యోగ్యుణ్ణి కాను అన్నాడు. కూలివాడి మాట లేదు. అది బయటికి రాకముందే తండ్రి దాసులను పిలిచి వస్త్రం తెమ్మంటున్నాడు. తప్పు ఒప్పుకున్నది విన్నాడు, బేరం మాత్రం విననివ్వలేదు. ఆ రోజే అమ్మకు ఫోన్ చేశాను.

సూటిమాట అన్నా, మీ కోసం ఇది కూడా. డబ్బు మొత్తం తిరిగి ఇచ్చాను, ఇంటికి వెళ్లాక మూడేళ్లు పట్టింది. దూరంగా ఉన్న నాలుగేళ్లలో ఒక్క రూపాయి కూడా ఇవ్వలేదు, సిగ్గుతో ముఖం చాటేసి తిరిగాను. క్షమించారని తెలిశాకే ఇవ్వగలిగాను.

సూటిమాట | రాత్రి 8:10

తమ్ముడూ, ఇది చదివి చాలాసేపు ఊరుకున్నాను. మా బంధువు విషయంలో నా అభిప్రాయం మారలేదు, మారాలని కూడా అనుకోను. ఆయన అన్నది కృప కాదు, ఆ పేరుతో తప్పించుకోవడం. నువ్వు చెప్పింది వేరు. పన్నులు వసూలు చేసే జక్కయ్య కూడా యేసు తన ఇంటికి వచ్చాకే నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు, ముందు ఇచ్చి తర్వాత పిలిపించుకోలేదు. ఇన్నిసార్లు చదివాను, ఈ వరుస ఇవాళే చూశాను.

ఆ నోట్‌బుక్ మాత్రం పారేయమని నేను చెప్పను. అలవాట్లు ఉండాలి.

రెండోమైలు | రాత్రి 8:35

అలవాట్లు ఉండాలి, ఎర్ర పెన్ను ఎందుకన్నా? పౌలు కొరింథీయులకు "నన్ను నేనే విమర్శించుకొనను" అని రాశాడు. తనలో తనకు దోషం కనపడకపోయినా అంతమాత్రాన నీతిమంతుణ్ణి కాననీ, విమర్శించేవాడు ప్రభువనీ అన్నాడు. మంచి రోజున టిక్కులు చూసుకుని నిశ్చింతగా ఉండటం కూడా అదే కోవలోది. యేసు చెప్పిన కథలో పరిసయ్యుడి ప్రార్థన మొత్తం టిక్కులే, వారానికి రెండుమారులు ఉపవాసం, పదియవ వంతు. నా సలహా, గోడ మీద నుంచి తీసేయండి సిస్టర్. తెల్లవారుజామున లేవడం మానొద్దు.

అడగడం మర్చిపోయాను, లేవీయకాండంలో ఎక్కడ ఆగారు?

తెల్లకాగితం | మర్నాడు, రాత్రి 10:20

15వ అధ్యాయం దగ్గర. కుష్ఠు, అపవిత్రత, స్నానం చేసి సాయంకాలం వరకు అపవిత్రుడై ఉండటం. మూడు అధ్యాయాలు వరసగా అదే, ముందుకు సాగలేదు.

ఇవాళ జరిగింది రాస్తాను. స్కూల్ నుంచి రాగానే పాప పక్కన కింద కూర్చున్నాను. "అమ్మ చేసింది తప్పు. నువ్వు లెక్క తప్పు చేయడం తప్పు కాదు, నేను అరవడం తప్పు" అన్నాను. "కానీ నువ్వు కూడా" అన్న మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను. తను ఏమీ అనలేదు. బ్యాగులోంచి ఆ పుస్తకం తీసి చిరిగిన పేజీ నా ముందు పెట్టింది. ఇద్దరం వెనక నుంచి టేపు అతికించాం. అంకెల అచ్చులు ఇంకా లీలగా కనపడుతున్నాయి. వాటి మీదే మళ్లీ పెన్సిల్‌తో దిద్దింది.

తర్వాత కొత్త లెక్కలు. నాలుగో లెక్కలో మళ్లీ అప్పు తెచ్చుకోవడం మర్చిపోయింది. నాకు మళ్లీ కోపం వచ్చింది. అవును, వచ్చింది. ఇదివరకైతే లోపల ఎర్ర ఇంటూ పడిపోయేది, ఆ రోజుకి అంతే. ఈసారి అక్కడే, పెన్సిల్ చేతిలో ఉండగానే, "దేవా, పాపినైన నన్ను కరుణించుము" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, పాప నా వైపు చూసింది. రెండు వారాలు ఆగలేదు, రెండు నిమిషాలు కూడా ఆగలేదు. ఆ లెక్క పూర్తి చేశాం.

నోట్‌బుక్ గోడ మీద నుంచి తీసేశాను.

రాత్రి 16వ అధ్యాయం పాపతో కలిసి చదివాను. రెండోమైలు బ్రదర్, మీరు ఎందుకు అడిగారో అప్పుడు తెలిసింది. ఇంకొక్క పేజీ తిప్పి ఉంటే ప్రాయశ్చిత్త దినం. ప్రధాన యాజకుడు అహరోను అంతటివాడు కూడా ప్రజల కోసం చేసే ముందు తన కోసం, తన ఇంటివారి కోసం కోడెను అర్పించాలి. తర్వాత రెండు మేకల్లో రెండోదాని తల మీద చేతులు పెట్టి ఇశ్రాయేలీయుల పాపాలన్నీ ఒప్పుకుని దాన్ని ఎడారిలోకి పంపేస్తారు.

పాప అక్కడ ఆపింది. "ఆ మేక మళ్లీ వస్తుందా?" అని అడిగింది.

రాదు అన్నాను.